వరంగల్ బీటీ పత్తి వివాదం

జన్యుమార్పిడి (బీటీ) పత్తి విత్తనాన్ని 2002లో సాగుకు అనుమతించడం వల్ల రైతు బాగుపడ్డాడా, చితికిపోయాడా అన్న ప్రశ్నపై రెండు దశాబ్దాలకు పైగా నడుస్తున్న వాదం ఇది. దేశమంతటా ఈ వాదం ఉన్నా, ఇరుపక్షాలూ సాక్ష్యం కోసం పదేపదే వచ్చింది ఉమ్మడి వరంగల్ జిల్లాకే. ఇప్పుడు హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు జిల్లాలుగా విడిపోయిన ఆ ప్రాంతంలో పత్తి పెట్టేవారు దాదాపు అందరూ బీటీయే పెడుతున్నారు. వేరే గింజ కావాలన్నా విత్తనాల దుకాణంలో దొరకడం కష్టం. సాగు ఇంతగా ఏకపక్షమయ్యాక కూడా వాదం ఏకపక్షం కాలేదు. విదేశీ పరిశోధన పత్రికల్లో కాకతీయుల శిల్పం కన్నా ఈ పత్తి వల్లే వరంగల్ పేరు ఎక్కువసార్లు అచ్చయిందేమో.

నేపథ్యం

వరంగల్‌కు పత్తి కొత్త కాదు. 1934లో నిజాం పాలనలో మొదలైన ఆజంజాహీ మిల్లు ఈ ఊరిని బట్టల ఊరుగా నిలబెట్టింది. అయితే ఈ వివాదానికి మూలమైన పత్తి ఆనాటిది కాదు. 1980ల నుంచి సంకర విత్తనాలతో, ఎరువులతో, పురుగు మందులతో విస్తరించిన వాణిజ్య పంట ఇది. గుంటూరు వైపు నుంచి వచ్చి భూములు కొన్నవారు, కౌలుకు తీసుకున్నవారు ఈ సాగుపద్ధతి వ్యాపించడానికి తోడయ్యారు. నల్లరేగడికే పరిమితం కావలసిన పంట క్రమంగా చెల్కల్లోకీ (తేలికపాటి ఎర్ర నేలల్లోకీ) వచ్చింది. జొన్న, కంది, ఆముదం వంటి మెట్ట పంటలు వెనక్కి తగ్గాయి. నీటి వసతి లేని చెల్కలో, ఎక్కువ కాలం నిలిచే సంకర పత్తి వేయడమంటే అక్టోబరు వానల మీద పందెం కాయడమే. తర్వాత జరిగిన చాలా వాదనల్లో ఈ నేల సంగతిని రెండు పక్షాలూ తగినంతగా పట్టించుకోలేదు.

1997–98 పంటకాలం ఈ సాగును కుదిపేసింది. కాలం కాని కాలంలో వానలు పడ్డాయి. లద్దె పురుగు, పచ్చ పురుగు విరుచుకుపడ్డాయి. ఎంత మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పటికే ఏళ్ల తరబడి అవే మందులు వాడటంతో పురుగులు వాటికి తట్టుకునే శక్తి తెచ్చుకున్నాయి. మందుల్లో కల్తీ కూడా ఉందని రైతులు గట్టిగా ఆరోపించారు. విత్తనం, మందు, అప్పు, సలహా నాలుగూ ఒకే దుకాణదారు దగ్గర దొరికే ఏర్పాటు అది. ఉద్దెరకు మందు ఇచ్చే మనిషే ఏ మందు కొట్టాలో చెబుతాడు. ఆ శీతాకాలంలో మొదలైన పత్తి రైతుల ఆత్మహత్యలు వరంగల్‌ను జాతీయ వార్తగా మార్చాయి.

ఈ సంక్షోభాన్ని పురుగుమందుల కోణం నుంచి చూపే మరో సాక్ష్యం వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి రికార్డుల్లో ఉంది. 1997 నుంచి 2002 దాకా పురుగుమందుల విషప్రభావంతో అక్కడ చేరినవారు ఎనిమిది వేలకు పైమాటేనని, వారిలో ఐదో వంతుకు మించి చనిపోయారని 2005లో ఒక వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం తెలిపింది. ఊళ్లలో అంతటి విషం అందుబాటులో ఉన్న రోజుల్లో, మందు కొట్టే అవసరం తగ్గించే గింజ వస్తుందంటే దాన్ని కోరుకోవడంలో వింత లేదు.

విత్తనం, అందులోని జన్యువు

బాసిల్లస్ తురింజియెన్సిస్ అనేది మట్టిలో ఉండే బ్యాక్టీరియా. దాని పేరులోని మొదటి అక్షరాలే బీటీ. అది తయారుచేసే ఒక ప్రొటీను కాయతొలుచు పురుగుల పేగును దెబ్బతీస్తుంది. ఆ ప్రొటీను తాలూకు జన్యువును (క్రై1ఏసీ) పత్తి మొక్కలో చొప్పిస్తే ఆకు, పూత, కాయ అన్నీ ఆ పురుగులకు విషమవుతాయి. పచ్చదోమ, పేనుబంక, తామర పురుగు, తెల్లదోమ వంటి రసం పీల్చే పురుగుల మీద ఇది పనిచేయదు.

అమెరికన్ కంపెనీ మోన్‌శాంటో రూపొందించిన ఈ జన్యువును మహారాష్ట్ర కంపెనీ మహికో తన సంకర రకాల్లోకి తెచ్చింది. ప్రయోగాల దశలోనే వ్యతిరేకత మొదలైంది. 1998 చివర కర్ణాటకలో ప్రొఫెసర్ నంజుండస్వామి నాయకత్వంలోని రైతు సంఘం ప్రయోగ క్షేత్రాల్లోని పత్తిని పీకి తగలబెట్టింది. 2001లో గుజరాత్‌లో అనుమతి లేని బీటీ విత్తనం వేల ఎకరాల్లో సాగవుతున్నట్లు బయటపడింది. 2002 మార్చి 26న కేంద్ర జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ (జీఈఏసీ) మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు రకాలకు అనుమతి ఇచ్చింది.

ఇక్కడ ఒక విషయం విడదీసి చూడాలి. జన్యువు వేరు, అది కూర్చున్న విత్తనం వేరు. పురుగును ఆపడం జన్యువు పని. కాయ సైజు, పింజ పొడవు, బెట్టను తట్టుకోవడం, పంటకాలం ఇవన్నీ విత్తనం గుణాలు. మంచి జన్యువు మన నేలకు సరిపడని విత్తనంలో కూర్చుంటే పంట పోతుంది, నింద జన్యువు మీద పడుతుంది. మంచి విత్తనంలో కూర్చుంటే పేరంతా జన్యువుకే వస్తుంది. వరంగల్‌లో మొదటి మూడేళ్లు మొదటిది జరిగింది, ఆ తర్వాతి కొన్నేళ్లు రెండోది.

మొదటి పంటలు, మొదటి తగువు

2002 కరువు సంవత్సరం. సాధారణ సంకర విత్తనం ప్యాకెట్ నాలుగైదు వందలు ఉన్న రోజుల్లో బీటీ ప్యాకెట్ 1,600 రూపాయలు. కాయ చిన్నదిగా ఉందని, పత్తి ఏరడానికి కూలి ఎక్కువవుతోందని, పింజ పొట్టిదని మార్కెట్లో ధర తగ్గిస్తున్నారని రైతులు చెప్పారు. అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి అనే ఇద్దరు వ్యవసాయ శాస్త్రవేత్తలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తదితర సంస్థల తరఫున ఆ పంటకాలమంతా వరంగల్ గ్రామాల్లో రైతుల ఖర్చులు, దిగుబడులు నమోదు చేశారు. బీటీ వేసినవారికి నష్టం, వేయనివారికి లాభం వచ్చిందన్నది వారు తేల్చిన మాట. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌కు చెందిన దళిత మహిళలు, అదే సొసైటీలో కెమెరా పట్టడం నేర్చుకున్నవారు, వరంగల్ వచ్చి రైతుల కోపాన్ని సినిమాగా తీశారు. వ్యవసాయ వివాదాల చరిత్రలో ఇది అరుదైన సంగతి. సాక్ష్యం సేకరించినవారూ సాగుదారులే.

అదే కాలంలో కంపెనీ తరఫున జరిగిన సర్వే దిగుబడి పెరిగిందని, మందు ఖర్చు తగ్గిందని చెప్పింది. 2003 ఫిబ్రవరిలో ‘సైన్స్’ పత్రికలో కాయిమ్, జిల్బర్‌మాన్ ప్రచురించిన వ్యాసం, ప్రయోగ చేల ఆధారంగా, దిగుబడి 80 శాతం దాకా పెరిగిందని లెక్క కట్టింది. ఆ అంకె 2001 నాటి కంపెనీ ప్రయోగాలది, పురుగు ఉద్ధృతంగా ఉన్న సంవత్సరానిది. పురుగు తక్కువగా, బెట్ట ఎక్కువగా ఉన్న 2002 నాటి వరంగల్ అంకె దానికి పూర్తి విరుద్ధంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. పురుగు రాని ఏడు పురుగును ఆపే గింజకు అదనంగా కట్టిన డబ్బు వృథాయే. రెండు అంకెలూ నిజమే కావచ్చు, కాని రెంటినీ కలిపి ఒక విధానానికి పునాది చేయలేం.

నష్టపోయిన రైతులకు పరిహారం చెల్లించాలని అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహికోను ఆదేశించింది, కంపెనీ ఒప్పుకోలేదు. 2005లో జీఈఏసీ ఈ మూడు రకాలకూ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. మెక్-12ను దక్షిణాది అంతటా నిలిపేసింది. కేంద్రమే మెచ్చి అనుమతించిన విత్తనం మూడేళ్లకే ఈ రాష్ట్రంలో పనికిరాదని తేలిందన్నమాట. బీటీ వ్యతిరేకులు దీన్ని తమ గెలుపుగా చెప్పుకున్నారు. కానీ అదే ఏడాది వరంగల్ రైతులు రాశి వంటి కంపెనీల కొత్త బీటీ రకాల కోసం దుకాణాల ముందు బారులు తీరారు.

ధర తగువు

వివాదంలో రాష్ట్ర ప్రభుత్వం స్పష్టంగా రైతు పక్షాన నిలిచిన ఘట్టం ధర విషయంలోనే. ప్యాకెట్ ధరలో పెద్ద వాటా జన్యువు వాడుకున్నందుకు మోన్‌శాంటో భాగస్వామ్య కంపెనీకి చేరే రుసుము. 2006 మొదట్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇది గుత్తాధిపత్య దోపిడీ అంటూ, అలాంటి వ్యాపార పద్ధతులను అరికట్టే ఎంఆర్‌టీపీ కమిషన్‌ను ఆశ్రయించింది. మే నెలలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు రాష్ట్రానికి అనుకూలంగా వచ్చింది. ప్రభుత్వం 450 గ్రాముల ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. 2007లో పత్తి విత్తనాల సరఫరా, ధరల నియంత్రణకు రాష్ట్రం ప్రత్యేక చట్టమే చేసింది. 2015 చివర కేంద్రం ధరల నియంత్రణను తన చేతిలోకి తీసుకుంది; జన్యు రుసుమును దశలవారీగా తగ్గిస్తూ 2020లో సున్నా చేసింది.

కంపెనీల వైపు వాదన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. రాబడి లేకపోతే కొత్త జన్యువు ఎవరు తెస్తారు? 2006లో అనుమతి పొందిన రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 తర్వాత దేశంలో పత్తికి కొత్త జన్యు పరిజ్ఞానం ఏదీ పెద్ద ఎత్తున సాగులోకి రాలేదు. ధరల నియంత్రణే దీనికి కారణమని వారంటారు. ధర తగ్గించిన తర్వాతే సాగు వేగంగా విస్తరించిందని, రుసుము తగ్గినా అమ్మకాల్లో కంపెనీలు సంపాదించాయని ఎదుటి పక్షం జవాబు. ఈ అంశంలో రెండో వాదనకే బరువు ఎక్కువ. చిన్న రైతు బీటీని అందుకోగలిగింది 750 రూపాయల ధర వల్లనే. బీటీ విజయగాథ చెప్పే వ్యాసాల్లో ఈ వాక్యం అరుదుగా కనిపిస్తుంది.

అనుకూల పక్షం

అనుకూల పక్షానికి అన్నిటికన్నా బలమైన ఆధారం జాతీయ గణాంకాలు. 2001–02లో దేశంలో సుమారు 158 లక్షల బేళ్ల పత్తి పండితే, 2013–14లో 398 లక్షల బేళ్లకు చేరింది (బేలు అంటే 170 కిలోలు). దిగుమతి చేసుకునే దేశం ఎగుమతిదారైంది. కథాగే, కాయిమ్ 2012లో ప్రచురించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లోని 533 రైతు కుటుంబాలను 2002 నుంచి 2008 దాకా గమనించింది. ఎకరా దిగుబడి 24 శాతం, పత్తి లాభం 50 శాతం పెరిగాయని, 2006–08 మధ్య బీటీ కుటుంబాల ఇంటి ఖర్చు 18 శాతం పెరిగిందని చెప్పింది.

వరంగల్‌కు సంబంధించి అన్నిటికన్నా విశ్వసనీయమైన అంకె మాత్రం ఏ పక్షమూ సొంతం చేసుకోలేని చోటి నుంచి వచ్చింది. అమెరికన్ మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ ఏళ్లపాటు వరంగల్ గ్రామాలు తిరిగారు. 2003, 2007 సంవత్సరాల మధ్య నాలుగు గ్రామాల్లో దిగుబడి 18 శాతం పెరిగిందని, మందు కొట్టే సార్లు 55 శాతం తగ్గాయని ఆయన 2011లో ప్రకటించారు. ఎక్కువగా లాభపడింది సమాచారం అందని పేద రైతులేనని కూడా చెప్పారు. జన్యుమార్పిడిని గుడ్డిగా సమర్థించే మనిషి కాడు కాబట్టి ఈ మాటకు విలువ.

వ్యతిరేక పక్షం

జాతీయ అంకెల మీద మొదటి అభ్యంతరం కాలక్రమానిది. పత్తి దిగుబడి 2004–05 నాటికే హెక్టారుకు 470 కిలోలకు ఎగబాకింది. అప్పటికి బీటీ విస్తీర్ణం పదో వంతు కూడా లేదు. అంటే ఆ ఎదుగుదలలో గుజరాత్ నీటి వసతులకు, మంచి వానలకు, ఇమిడాక్లోప్రిడ్ వంటి కొత్త మందులకు, పెరిగిన ఎరువుల వాడకానికి వాటా ఉంది. దేశమంతా బీటీతో నిండాక దిగుబడి పెరగలేదు సరికదా, తర్వాతి దశాబ్దంలో ఎక్కువ ఏళ్లు 2007–08 నాటి 554 కిలోల కన్నా తక్కువగానే ఉంది. కేంద్ర పత్తి పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన కేశవ్ క్రాంతి, స్టోన్ కలిసి 2020లో ‘నేచర్ ప్లాంట్స్’లో రాసిన వ్యాసం ఈ వాదనను గట్టిగా నిలబెట్టింది. రైతు పురుగుమందుల ఖర్చు బీటీకి ముందున్న స్థాయిని దాటిపోయిందని వారు చూపారు.

స్టోన్ 2007లోనే లేవనెత్తిన ఇంకో అంశం దిగుబడి లెక్కల్లో పట్టుబడదు. వరంగల్ రైతు ఏటా కొత్త పేరున్న విత్తనం వైపు మళ్లుతున్నాడు. పక్క చేను చూసి, దుకాణదారు మాట విని, ఊరు ఊరంతా ఒక ఏడు ఒక పేరు వెంట పోతుంది. మరుసటి ఏడు ఆ పేరు కనిపించదు. మార్కెట్లో వెయ్యికి పైగా బీటీ సంకర రకాలు అనుమతి పొంది ఉన్నప్పుడు ఏది తన చెల్కకు సరిపోతుందో పరీక్షించి నేర్చుకునే అవకాశం రైతుకు లేదు. సంకర విత్తనం కాబట్టి గింజ దాచి మళ్లీ వేయలేడు. చైనా, అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా దేశాలు బీటీ జన్యువును ప్రధానంగా మామూలు (సంకరం కాని) సూటి రకాల్లో వాడుకున్నాయి. ఎకరాకు ఎక్కువ మొక్కలు పెట్టి, తక్కువ కాలంలో పంట ముగిస్తాయి. మన దేశం దాన్ని దాదాపు పూర్తిగా సంకర రకాలకే అప్పగించింది. విత్తన వ్యాపారానికి అది అనుకూలం. వానాధార చెల్కకు అనుకూలం కాదు. ఈ వ్యాసకర్త దృష్టిలో మొత్తం వివాదంలో అసలు విధాన వైఫల్యం ఇదే. అనుకూల, వ్యతిరేక పక్షాలు జన్యువు మీద కొట్లాడుకుంటూ దీన్ని చాలాకాలం పక్కన పెట్టాయి.

గొర్రెల మృతి, ఆత్మహత్యలు

రెండు ఆరోపణల విషయంలో వ్యతిరేక పక్షం నిలబడలేకపోయింది. 2006 తొలి నెలల్లో స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతంలోని ఇప్పగూడెం వంటి ఊళ్లలో, ఏరిన తర్వాత మిగిలిన బీటీ పత్తి చేలల్లో మేసిన గొర్రెలు పెద్ద సంఖ్యలో చనిపోయాయని కాపరులు చెప్పారు. గొర్రెల కాపరుల సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు విచారణ కోరాయి. బీటీ ప్రొటీనే కారణమనడానికి ఆధారం లేదని నియంత్రణ సంస్థ తేల్చింది, పురుగుమందుల అవశేషాల వైపు అనుమానం మళ్లించింది. గొర్రెలు పోయినవారికి మాత్రం ఏ నివేదికా నష్టం తీర్చలేదు.

రెండోది ఆత్మహత్యలకు బీటీయే కారణమన్న ప్రచారం. వరంగల్ మరణాలు మొదలైంది 1997–98లో, బీటీ రావడానికి నాలుగేళ్ల ముందు. 2008లో అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధనా సంస్థ సమీక్ష బీటీకి, దేశవ్యాప్త ఆత్మహత్యల పెరుగుదలకు నేరుగా సంబంధం కనిపించలేదని చెప్పింది. కొన్ని ప్రాంతాల్లో తొలి ఏళ్లలో బీటీ పంట విఫలమై అప్పులు పెంచి ఉండవచ్చని ఒప్పుకుంది. 2004లో రాష్ట్ర ప్రభుత్వం జయతీ ఘోష్ అధ్యక్షతన వేసిన రైతు సంక్షేమ కమిషన్ వేలెత్తి చూపింది బ్యాంకు అప్పు అందకపోవడం, ఎండిన బోర్లు, కౌలుదారుకు గుర్తింపు లేకపోవడం, వ్యవసాయ శాఖ సలహా యంత్రాంగం కూలిపోవడం వైపు. విత్తనం మీద నెపం పెట్టడం వల్ల ఈ జాబితా నుంచి చూపు మళ్లిందన్నది అనుకూల పక్షం ఫిర్యాదు. అందులో న్యాయం ఉంది. అయితే అదే జాబితాను పక్కన పెట్టి విత్తనమే పరిష్కారమని అమ్మింది కూడా ఆ పక్షమే.

మూడో దారి

బీటీ వద్దన్నవారు ఆచరణలో ఏం చూపారన్న ప్రశ్నకు జవాబుగా చెప్పేది ఏనెబావి. లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఈ చిన్న పల్లె (ఇప్పుడు జనగామ జిల్లా) 2006 ప్రాంతంలో రసాయనాలకూ, జన్యుమార్పిడి విత్తనాలకూ దూరంగా ఉంటామని ప్రకటించుకుంది. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు, వేసవి దుక్కులతో పురుగును అదుపు చేశారు. సుస్థిర వ్యవసాయ కేంద్రం వంటి సంస్థలు తోడు నిలిచాయి. ఏనెబావి అనుభవం నిజం. అయితే అది కట్టుబాటున్న చిన్న ఊరు, పక్కన నిలబడిన సంస్థ ఉన్న ఊరు. వందల ఊళ్లకు అది పాకకపోవడానికి కారణం పద్ధతిలో లోపమా, ప్రభుత్వ ఉదాసీనతా అన్నది ఇంకో వాదం.

గులాబీ పురుగు తర్వాత

బీటీ జన్యువు పదేళ్ల పాటు పచ్చ పురుగును బాగానే ఆపింది. దెబ్బ కొట్టింది గులాబీ రంగు పురుగు. ఇది పత్తిని నమ్ముకుని బతికే పురుగు కావడం, పంటను ఫిబ్రవరి, మార్చి దాకా చేలో ఉంచడం, చుట్టూ బీటీయేతర పత్తి లేకపోవడం కలిసి దానికి నిరోధశక్తి తెచ్చిపెట్టాయి. ఒక జన్యువు విత్తనాన్ని అది తట్టుకుంటోందని 2010లో గుజరాత్‌లో తేలింది. 2010ల మధ్యకల్లా రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 కూడా దాని ముందు నిలవలేదు. తెలంగాణ చేలల్లో గుడ్డిపూలు, పుచ్చిన కాయలు మళ్లీ కనిపించాయి. నిరోధశక్తి రాకుండా చేను చుట్టూ వేయాలని ప్రతి ప్యాకెట్‌తోనూ 120 గ్రాముల బీటీయేతర గింజలు ఇచ్చేవారు. చాలామంది వాటిని వేయలేదు. రైతుల అజ్ఞానమని కంపెనీలు అన్నాయి. రెండెకరాల చేనున్న మనిషి అందులో కొంత పురుగుకు వదిలిపెడతాడని ఊహించిన నిబంధనదే తప్పని రైతు సంఘాలు అన్నాయి.

ఇప్పుడు తగువు కలుపు మీదికి మారింది. గ్లైఫోసేట్ గడ్డి మందు కొట్టినా చావని పత్తి విత్తనానికి అనుమతి కోరుతూ పెట్టిన దరఖాస్తును మహికో 2016లో వెనక్కి తీసుకుంది. ఆ విత్తనం మాత్రం బీజీ-3 అనే పేరుతో, బిల్లు లేకుండా, ఏటా తొలకరికి ఊళ్లు చేరుతోంది. కలుపు కూలి భారం భరించలేని రైతు దాన్ని కోరుకుంటున్నాడు. ఆ కలుపు కూలే వ్యవసాయ కూలి మహిళలకు వానాకాలపు ప్రధాన ఆదాయం. తెలంగాణ ప్రభుత్వం గ్లైఫోసేట్ వాడకంపై ఆంక్షలు పెట్టింది, నకిలీ విత్తనాలు అమ్మేవారిపై ముందస్తు నిర్బంధ చట్టం (పీడీ యాక్ట్) ప్రయోగిస్తోంది. అనుమతి ఇస్తే కనీసం నాణ్యతకు జవాబుదారీ ఉంటుందని ఒక పక్షం అంటోంది; అనుమతిస్తే కూలి మహిళల జీవనం, పక్క చేలోని కంది, కూరగాయలు దెబ్బతింటాయని మరో పక్షం. 2002లో లాగే ఇప్పుడూ రెండు పక్షాల మధ్య ఎకరా ఖర్చు లెక్క ఒక్కటే నలుగుతోంది. ఎకరా మీద పనిచేసే కూలి మనిషి లెక్కను ఏ సర్వే ఎలా పట్టుకుంటుందన్నది ఇంకా తేలలేదు.